ఉన్నావా బొత్తాం

అందరికీ అత్త పెళ్ళయ్యాక వస్తుంది. నాకు మాత్రం ఊహ తెలిసేనాటికే ఉంది. మా నాన్న చెల్లెలు. నన్ను పెంచింది, చదివించింది, తిట్టాల్సినప్పుడు తిట్టింది, అక్కర్లేనప్పుడూ తిట్టింది. ఆ వానాకాలం మొదలయ్యేటప్పటికి ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. ముగిసేటప్పటికి నేనొక్కదాన్నే మిగిలాను. మధ్యలో జరిగినదానికి కారణం మా సాఫ్ట్‌వేర్‌లోని ఓ చిన్న ముక్క. అది రాసిందొకరు, సరేనన్నది నేను. కాబట్టి ఎవరి మీదా నింద వేయడానికి లేదు.

మా ముందుగదికి రెండు కిటికీలు. వీధివైపు కిటికీ కింద అత్త కుట్టుమిషన్, దాని పక్కన ఓ పాత కంప్యూటర్. పెరటివైపు కిటికీ కింద నా బల్ల. అత్త దర్జీ. మా వీధి పిల్లల యూనిఫాంలన్నీ ఆమె చేతిమీదుగానే బడికి వెళ్ళేవి. నేను ఒక కంపెనీకి ఇంటినుంచే పని చేసేదాన్ని. అది జీతం కోసం. ప్రాణం మాత్రం ఓ చాట్ నెట్‌వర్క్ మీద ఉండేది.

ఆ నెట్‌వర్క్‌లో బొమ్మల్లేవు, ఫోటోల్లేవు. ఒక గది, గదిలో పేర్లు, పేర్ల పక్కన మాటలు, అంతే. అందరూ చేరే పెద్ద గదికి వరండా అని పేరు. మా కంపెనీ వాళ్ళు దాన్ని చూసి, ఇది మ్యూజియంలో పెట్టాల్సిన సరుకని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. వాళ్ళు చేసే సాఫ్ట్‌వేర్‌లు ఆరు నెలలకోసారి రూపం మార్చుకునేవి, మాది మాత్రం ఏళ్ళ తరబడి అలాగే కూర్చుని ఉండేది. దాన్ని రాసిందీ, పాడైతే బాగుచేసేదీ ఇద్దరం. నేనూ, చినుకూ.

చినుకంటే మనిషే. మా నెట్‌వర్క్‌లో అసలు పేరు ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఆయన కొండమీద వాతావరణ కేంద్రంలో వాన కొలిచే ఉద్యోగి. పొద్దున్నే గొట్టంలో ఎంత నీరు పడిందో చూసి పై ఆఫీసుకి చెప్పడం, ఆ తర్వాత నా కోడ్‌లో తప్పులు వెతకడం ఆయన దినచర్య. యాభై దాటిన మనిషి చినుకేమిటని అత్త మొదటిరోజే ఏడిపించింది. తుపాను అని పెట్టుకుందామనుకున్నానండీ, కానీ ఆ పేరు అప్పటికే ఎవరో తీసేసుకున్నారు అన్నాడాయన. మా సర్వర్ తీరు అది. ఒక పేరు ఒక్కరికే. ఆ మనిషి గదిలో ఉన్నంతసేపూ అదే పేరుతో ఇంకొకరొస్తే గుమ్మంలోనే ఆపేస్తుంది.

అత్త తనకి బొత్తాం అని పెట్టుకుంది. నాకు దారం అని తనే పెట్టింది. అలా బొత్తాం, దారం, చినుకు ఓ జట్టయ్యాం. కొత్తగా ఏది రాసినా ముందు అత్త చేతికిచ్చేవాళ్ళం. బొత్తాం గారు పాడుచేయలేకపోయారంటే ఇక లోకంలో ఎవరూ పాడుచేయలేరని చినుకు నమ్మకం.

ఆమెకి చూపు ఆనదని నేను అక్షరాలు బాగా పెద్దవి చేసిపెట్టాను. తెర మీద నాలుగు మాటలు పడితే ఐదోదానికి చోటుండేది కాదు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుకునేవాళ్ళకి కూడా అవి కనిపించేవి. కాబట్టి అత్త ఎవరితో ఏం మాట్లాడినా అది ఇంటిల్లిపాదికీ తెలిసేది, అంటే నాకు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఒక్కో మాట కొట్టగానే ఎంటర్ నొక్కేసేది. ఎందుకత్తా, మొత్తం రాసి ఒక్కసారి పంపొచ్చుగా అంటే, "నేను మొత్తం రాసేలోపు ఆయన మాయమైపోతాడే. చేరినంత చేరనీ" అనేది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కొండకి వెళ్ళే తీగకి మబ్బు పడితే చాలు, జలుబు చేసేది. ఇక్కడ మా సాఫ్ట్‌వేర్ పద్ధతి కాస్త చెప్పాలి. గదిలో ఉన్న ప్రతి కంప్యూటర్‌నీ సర్వర్ మాటిమాటికీ "ఉన్నావా" అని అడుగుతుంది. అటునుంచి "ఉన్నా" అని జవాబు రావాలి. రాకపోతే ఆ మనిషి పోయాడని తేల్చుకుని, ఫలానావారు బయటికి వెళ్ళారని అందరికీ చెప్పి పేరు తీసేస్తుంది. ఇదంతా యంత్రాలు యంత్రాలతో చెప్పుకునే మాట, మనుషులకి కనిపించదు. కానీ అత్తకి ఒకసారి ఈ సంగతి చెప్పిన పాపానికి ఆమె ఆ మాట పట్టేసుకుంది. పొద్దున మిషన్ మీద గుడ్డ తీయగానే కంప్యూటర్ వైపు తిరిగి, వాళ్ళిద్దరికే కనిపించేలా చినుకుకి "ఉన్నావా" అని కొట్టేది. కొండమీదనుంచి "ఉన్నా" అని వచ్చేది. అప్పుడు గాని బాబిన్‌లో దారం ఎక్కించేది కాదు. మీరు, గారు అనుకునే ఇద్దరూ నువ్వు దాకా ఎప్పుడొచ్చారో, ఎదురుగా కూర్చునీ నేను గమనించలేదు.

ఎండాకాలం చివర్లో జల్లులు మొదలయ్యాయి. చినుకు గదిలోకి వస్తూ పోతూ ఉన్నాడు. అత్త సగం మాట చెప్పేసరికి చినుకు బయటికి వెళ్ళారు అని పడేది. ఆమె విసుక్కునేది. నువ్వు వాన కొలుస్తున్నావా, వానే నిన్ను కొలుస్తోందా అని సాధించేది. చివరికాయన ఓ ముక్క రాసి నాకు పంపాడు. కొండవైపు వాళ్ళ దగ్గరనుంచి జవాబు రాకపోతే వాళ్ళ బదులు మన సర్వరే "ఉన్నా" అని చెప్పుకుంటుంది. తీగ మళ్ళీ కలిసేదాకా పేరు గదిలోంచి పోదు. బొత్తాం కళ్ళముందునుంచి మాయమవకుండా ఉండడానికి ఇంత తతంగం. నాకు నవ్వొచ్చింది. అలా ఎంతసేపు ఆగాలో పరిమితి పెట్టలేదేమని అడిగాను. రాకుండా ఎక్కడికి పోతాం అని జవాబిచ్చాడు. సరేనని సర్వర్‌లో పెట్టేశాను. ఆ రోజునుంచి చినుకు పేరు పక్కన మనిషి ఉన్నట్టు చెప్పే పచ్చచుక్క ఆరిపోలేదు. అత్త మొహంలో వెలుగు కూడా అంతే.

బడులు తెరిచే రోజులు. ముందుగదంతా నీలం గుడ్డ, తెల్ల గుడ్డ. బయట కుండపోత. అత్త పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని చొక్కా కాలరు పట్టుకుంది. నేను నా బల్ల దగ్గర టీ తాగుతున్నాను. అప్పుడు ఆమె తెర మీద చినుకు మాటలు ఒక్కొక్క వరుసగా పడ్డాయి. ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది. కిటికీ తూర్పుకి. మిషన్ పెట్టుకోవచ్చు. వచ్చెయ్యకూడదూ.

నేను చదవనట్టు కప్పులోకి చూశాను. అత్త సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చింది. వెనకనుంచి చూస్తే ఆమె చెవులు ఎర్రగా కనిపించాయి. ఈలోపు గుమ్మంలో గొడుగు ముడుచుకుంటూ ఒకావిడ, మా అబ్బాయి చొక్కాలయ్యాయా అంటూ వచ్చింది. అత్త కంగారుగా రెండు వేళ్ళతో కొట్టింది. "ఈ వయసులోనా." ఎంటర్. "నలుగురూ." ఎంటర్. "నవ్విపోతారు." ఎంటర్. లేచి, నవ్వు ఆపుకుంటూ చొక్కాలు మడిచి ఆవిడకిచ్చింది. ఆవిడ వెళ్ళాక తిరిగొచ్చి చూస్తే తెర మీద చివరన ఆ మూడు మాటలే ఉన్నాయి.

మర్నాడు "ఉన్నావా" అని కొట్టింది. జవాబు లేదు. పచ్చచుక్క మాత్రం ఉంది.

ఇక అక్కడినుంచి వారాల తరబడి సాగింది వ్యవహారం. మొదట అత్త నవ్వులాటగా తీసుకుంది. మూతి ముడుచుకున్నావా, ముడుచుకుంటే ముడుచుకో, ఇస్త్రీపెట్టె ఉంది నా దగ్గర అని రాసింది. తర్వాత తిట్టింది. మగాళ్ళ అలకకి ఇంత ఓపిక నాకు లేదంది. అని, మళ్ళీ మధ్యాహ్నమే "ఉన్నావా" అంది. ఆపైన సంజాయిషీ మొదలైంది. ఏదో నోటికొచ్చింది అనేశాను, వాకిట్లో మనిషి నిలబడి ఉంది, నవ్విపోతారంటే నిజంగా నవ్వుతారని కాదు. ఒక్కో మాటకి ఒక్కో ఎంటర్. పెద్ద పెద్ద అక్షరాలు. వద్దన్నా నా కళ్ళు అటే పోయేవి.

నేను అడిగితే విసురుగా చెప్పేది. "ఉన్నాడే. కనిపిస్తూనే ఉన్నాడుగా. ఉండీ మాట్లాడ్డం లేదు. అంత మాటన్నాను మరి."

నాకూ ఆయన మీద కోపం వచ్చింది. పని గురించి నేను పంపినవాటికీ జవాబు లేదు. అత్త మీద అలిగితే అలిగాడు, మధ్యలో నా కోడ్ ఏం చేసింది అనుకున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు వాళ్ళు. గొంతు వింటే ఇక మాట పెగలదని అత్త భయం.

ఆమె పని చెడింది. ఓ పిల్లాడి చొక్కాకి జేబు లోపలివైపు కుట్టింది. వాడు దాన్ని తొడుక్కుని ఎదురుగా నిలబడి, జేబు ఏదీ అని అడిగితే కూడా ఆమెకి తట్టలేదు. అంతకుముందు ఆ మాట ఎవరైనా అంటే వీధంతా తిరిగి నవ్వుతూ చెప్పుకునేది. ఆ రోజు ఊరికే విప్పి, ఊరికే మళ్ళీ కుట్టింది.

ఓ సాయంత్రం నేను బయటినుంచి తడుస్తూ వచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతూ తలెత్తితే అత్త మిషన్ దగ్గర లేదు. వంటగదిలో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. తెర మీద అన్నిటికంటే కింద ఒకే ఒక్క కొత్త మాట ఉంది.

"వస్తాను."

దాని కింద ఏమీ లేదు. పక్కన చినుకు పేరు, పచ్చచుక్క. పట్టుమని పది గజాల దూరం కూడా పోకుండా ఏళ్ళన్నీ ఈ కిటికీ కింద గడిపేసిన మనిషి అన్న మాట అది. ఆ జవాబు చూసి కూడా బెల్లం కొట్టిన రాయిలా కూర్చోగలిగిన మనిషి కాడు చినుకు. నాకు తెలుసు. ఆయన కోడ్‌ని ఏళ్ళ తరబడి చదివినదాన్ని. తప్పు చూపిస్తే మూడు సార్లు క్షమాపణ చెప్పే మనిషి.

మర్నాడు నాకు అనుమానం తీర్చినవాడు గొంగళి. గొంగళి కూడా కొండవైపువాడే, అక్కడ బడిలో పంతులు. మా నెట్‌వర్క్‌లో అందరికంటే సణుగుడు ఎక్కువ. కొత్త వెర్షన్ ఏది వదిలినా, పాతదే బాగుందని ముందు అతనే అంటాడు. ఆ పొద్దున నేను వరండాలో కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పాను. తుపాను బాగుందన్నాడు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. గొంగళి పేరు పక్కన పచ్చచుక్క ఉంది, సణుగుడు లేదు. మధ్యాహ్నం దాకా చూశాను. గొంగళి నోరు మూసుకుని ఉండడమా. అప్పుడు నాకు చినుకు రాసిచ్చిన ఆ ముక్క గుర్తొచ్చింది.

అత్తని పిలిచి పక్కన కూర్చోబెట్టాను. విషయం చెప్పాను. అక్కడ ఉన్నానంటున్నది ఆయన కాకపోవచ్చనీ, ఆయన బదులు మన సర్వర్ చెబుతూ ఉండొచ్చనీ, ఇలాంటి పేర్లని మేం దయ్యాలంటామనీ.

అత్తకి చాలాసేపు అర్థం కాలేదు. "సర్వర్‌కి అలా చెప్పమని ఎవరు చెప్పారే?"

"ఆయనే. నువ్వు విసుక్కుంటున్నావని."

ఆమె చేతిలోని సుద్దముక్కని అటూ ఇటూ తిప్పింది. ఆయన చివరిసారి నిజంగా ఎప్పుడు జవాబిచ్చాడో చూడొచ్చా అని అడిగింది. చూడలేం. సర్వర్ తన అబద్ధం చెప్పుకున్నప్పుడల్లా పాత నిజాన్ని చెరిపేస్తుంది. తెలుసుకోవడానికి దారి ఒక్కటే. ఆ ముక్క తీసేసి, సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపాలి. అప్పుడు అన్ని పేర్లూ పోతాయి. నిజంగా ఉన్నవాళ్ళు తమంతట తామే తిరిగి వస్తారు.

"ఆయన తిరిగొస్తే?"

"వస్తే ఇన్నాళ్ళూ ఉన్నట్టే. నిజంగానే కోపం అన్నమాట."

"రాకపోతే?"

కొండవైపు వాళ్ళెవరూ రాకపోతే తీగ తెగినట్టు అన్నాను. మిగిలినవాళ్ళంతా వచ్చి ఆయనొక్కడే రాకపోతే ఏమిటో నేను అనలేదు. ఆమె అడగలేదు. బయట చూరునుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"కోపంగానైనా సరే, ఉండనీ" అంది అత్త.

నేను సర్వర్ ఆపాను. వరండా ఖాళీ అయిపోయింది. పేర్లుండే చోట తెల్లగా ఉంది. అత్త నా కుర్చీ వెనక నిలబడి నా భుజం పట్టుకుంది. కుట్టుమిషన్ చక్రం తిప్పీ తిప్పీ గట్టిపడిన చెయ్యి. సర్వర్ లేచింది. ముందు బొత్తాం వచ్చింది, పక్కనున్న కంప్యూటరే కాబట్టి. తర్వాత దారం. తుపాను వచ్చాడు. ఎక్కడెక్కడి పేర్లో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పేరు పడినప్పుడల్లా నా భుజం మీద వేళ్ళు బిగిశాయి, సడలాయి. కాసేపటికి రాకలు పలచబడ్డాయి. ఆపైన ఆగిపోయాయి.

గొంగళి రాలేదు. చలిమంట అని కొండమీద పోస్టాఫీసు ఆవిడ ఉండేది, ఆమె రాలేదు. పొగమంచు రాలేదు. కొండవైపు వాళ్ళు ఒక్కరూ రాలేదు.

"తీగ తెగిందత్తా. అందరిదీ. ఆయనకేం కాలేదు."

"మరి ఇన్నాళ్ళూ బాగుచేయరా?"

కొండచరియ ఏదైనా పడి ఉంటుందన్నాను. వానలు తగ్గితే చేస్తారన్నాను. ఆమె తల ఊపింది. వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. బొత్తాలు ఉండే డబ్బా తెరిచి, మళ్ళీ మూసింది.

"అయితే నేను బతిమాలుకున్నది వినలేదన్నమాట."

"లేదు."

"వస్తానన్నది?"

"అదీ వినలేదత్తా."

ఆమె చిన్నగా నవ్వింది. "ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో తెలుసా. ఖాళీ గదిలో అన్నాను." మళ్ళీ అడిగింది. "నవ్విపోతారన్నది? అది విన్నాడా?"

నాకు తెలియదు. తీగ ఆ మాటకి ముందు తెగిందో, తర్వాత తెగిందో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతే చెప్పాను.

అత్త మిషన్ మీద గుడ్డ కప్పింది. "అదొక్కటే విని ఉంటే?" అంది. "అది విని, ఇక ఏమీ వినకుండా ఉంటే?"

ఆ వారంలోనే ఆమె బయలుదేరింది. ఆగమన్నాను. తీగ కలిశాక చెప్పొచ్చన్నాను. అన్నాళ్ళూ ఆయన నవ్విపోతారన్న మాట పెట్టుకుని కూర్చోవాలా అని నన్నే ఎదురడిగింది. ఆయనే దిగి రావచ్చుగా అన్నాను, నాలోని ఉక్రోషం కొద్దీ. "రోజూ పొద్దున వాన కొలవాలి. ఎలా వదిలేసి వస్తాడే" అంది, ఆ ఉద్యోగం తనే చేస్తున్నట్టు. నేనూ వస్తానంటే, సర్వర్‌ని ఎవరు చూస్తారంది.

చేతిసంచీలో రెండు జతల బట్టలు, కత్తెర, టేపు పెట్టుకుంది. కత్తెర దేనికత్తా అంటే, చేతిలో పని లేకపోతే మాట రాదంది. బస్సు ఎక్కేముందు అడిగాను.

"పేరు కూడా తెలియదు కదత్తా. అక్కడ దిగి ఎవరికోసమని అడుగుతావు?"

"వాన కొలిచేవాడెక్కడుంటాడని అడుగుతా. కొండకి అలాంటివాళ్ళు పదిమంది ఉంటారా ఏంటి?"

బస్సు కదిలింది. కిటికీలోంచి నా వైపు చూసి, స్టౌ కట్టేశావా అని సైగ చేసింది. అదే ఆమె వీడ్కోలు.

ఇంటికొచ్చాను. ముందుగదిలో చీకటిగా ఉంది. వీధి కిటికీ కింద పెద్దక్షరాల తెర వెలుగుతోంది. అత్తకి లాగౌట్ అనేది ఏనాడూ అలవాటు కాలేదు. మాట్లాడడం అయిపోతే అటు తిరిగి కూర్చునేది, అదే ఆమె లాగౌట్. నేను స్విచ్ వైపు చెయ్యి చాచాను. అప్పుడు నా తెర మీద వరండా కనిపించింది. బొత్తాం, పక్కన పచ్చచుక్క. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అది దయ్యమని నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది. దయ్యాల్ని ఉంచే ముక్కని నేనే పీకేశాను. అయినా ఈ దయ్యం చట్టబద్ధమైనదని సర్దిచెప్పుకున్నాను. సర్వర్ అడుగుతోంది, కంప్యూటర్ నిజంగానే ఉన్నానంటోంది, నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు. రోజూ పొద్దున నా బల్ల దగ్గర కూర్చుని "ఉన్నావా అత్తా" అని కొట్టేదాన్ని. వెంటనే గది అవతల, ఖాళీ స్టూలు ఎదురుగా, నా మాటే పెద్ద పెద్ద అక్షరాలతో పడేది. నేనే రాసి, నేనే గది అవతలినుంచి చదువుకునేదాన్ని. అక్కడ లోపల ఫ్యాను సన్నగా గుయ్యిమనేది. ఆ చప్పుడుంటే ఎవరో గదిలో ఉన్నట్టుండేది. ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. ఆమె నన్ను వదిలి ఒక పూట కూడా ఎక్కడా ఉండలేదు. ఇన్నేళ్ళూ అది ఆమె బెంగ అనుకునేదాన్ని.

యూనిఫాంల కోసం జనం వచ్చి తలుపు తట్టేవాళ్ళు. ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు. వచ్చేస్తుందని చెప్పేదాన్ని. అలా చెప్పినప్పుడల్లా నాకే మనసు తేలికపడేది.

వానలు పలచబడ్డాయి. పెరట్లో నేల ఆరి, చీమలు బయటికొచ్చాయి. ఓ ఉదయం నేను పళ్ళు తోముకుంటూ తెర వైపు చూసేసరికి వరండాలో సందడి. చలిమంట వచ్చింది. పొగమంచు వచ్చాడు. గొంగళి వచ్చి, ఈ కొత్త వెర్షన్ ఏం బాలేదు, పాతదే నయం అన్నాడు. నాకు అతన్ని కౌగిలించుకోవాలనిపించింది. ఆ వెనకే చినుకు వచ్చాడు.

ఆయనేమీ అనకముందే ఇంకో పేరు పడింది. బొత్తాం, చివర ఓ చిన్న గీత. పేరు దొరకనివాళ్ళు మా దగ్గర అలా గీత తగిలించుకుని వస్తారు.

"ఎవరే"

"నా పేరు"

"పెట్టుకుని"

"కూర్చుంది"

గది అవతల అత్త తెర మీద అవే మాటలు పెద్దవిగా పడుతున్నాయి, అత్తకే. నేను నవ్వాను. నోట్లో బ్రష్షుతో నవ్వితే ఏమవుతుందో అదయింది. మొహం తుడుచుకుని, నువ్వే అత్తా, నీ కంప్యూటర్ ఆపలేదు అని రాశాను. ఇన్నాళ్ళూ ఎందుకు ఆపలేదే, కరెంటు అయిపోదూ అంది. నేను మాట మార్చి, ఆయనకి చెప్పావా అని అడిగాను.

చెప్పానంది. రెండోసారి కాబట్టి తడుముకోలేదంది. దారి సగంలో కొట్టుకుపోయి, ఓ పూటంతా నడిచిందట. వాకిట్లో ఆయన గొట్టంలోకి వంగి నీళ్ళు చూసుకుంటున్నాడట. ఈమె వెనకనుంచి "ఉన్నావా" అందట. ఆయన తిరగకుండానే "ఉన్నా" అన్నాడట, అలవాటు కొద్దీ. తర్వాత తిరిగాడట.

నేను అసలు సంగతి అడిగాను. ఆయన ఏ మాట దాకా విన్నాడని.

మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"నలుగురూ"

"అన్నంతవరకే"

"వచ్చిందట"

ఈ వయసులోనా, నలుగురూ. అంతటితో తీగ తెగింది. అత్త చేరేదాకా ఆ మనిషి కొండమీద కూర్చుని, నలుగురూ ఏమిటో ఆలోచించాడన్నమాట. మిగతాది ఏమనుకున్నాడు మరి అని అడిగాను. ఈసారి చినుకే రాశాడు, ఒకే వరుసలో.

"నలుగురూ సంతోషిస్తారు అనబోయిందనుకున్నానమ్మా. అందుకని తూర్పు గదికి సున్నం వేయించాను."

ఆ గదిలో కిటికీ ముందు ఓ బల్ల కూడా చేయించి పెట్టాడని అత్త చెప్పింది. మిషన్ సరిగ్గా పడుతుందంది. మిషన్ పంపించు అని రాసింది. పైన గుడ్డ చుట్టి పంపించు, సూది కింద గుడ్డని నొక్కే పాదం విప్పి విడిగా పెట్టు, డబ్బాలో బొత్తాలు కలిసిపోకుండా చూడు. అన్నీ ఒక్కో మాటగా వస్తున్నాయి. చదువుతూంటే, ఆమె ఇక తిరిగి రాదన్న సంగతి కూడా ఒక్కో మాటగానే నాకు చేరింది. సంతోషం వేసింది. ఏడుపూ వచ్చింది. రెంటిలో ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

"ముందు"

"నా పేరు"

"నాకియ్యి"

లేచి గది దాటాను. స్టూలు పక్కకి జరిపాను. తెరని వెనక్కి జరిపి చూస్తే నా పాత మాటలన్నీ వరసగా ఉన్నాయి. ఉన్నావా అత్తా, ఉన్నావా అత్తా, పైకి పోయేకొద్దీ అదే. స్విచ్ నొక్కాను. ఫ్యాను కాసేపు తిరిగి ఆగింది. ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

నా బల్ల దగ్గరికొచ్చేసరికి, బొత్తాం బయటికి వెళ్ళారని ఒక వరుస పడి ఉంది. దాని కింద ఇంకో వరుస, గీత పోయి ఆమె పేరు ఆమెకి వచ్చినట్టు. దాని కింద ఆమె మాట.

"దారం"

"ఉన్నావా"

"ఉన్నా" అని కొట్టాను. ఎంటర్ నొక్కడానికి మాత్రం కాస్త ఆలస్యమైంది.